అధికారం లేని కార్యదర్శి: హోరేస్ మాన్ గారి జీవితం



మన పత్రికలో సాధారణంగా మిషనెరీల జీవితాలు, మన సంఘ పెద్దల జీవితాలు చదువుతూ ఉంటాం. ఈసారి మేము చెప్పబోయే హోరేస్ మాన్ గారు మిషనెరీ కారు, బాప్టిస్టు కూడా కారు. పల్లెటూరి బడి ఎవరి చేతిలో ఉండాలి, దానికి డబ్బు ఎవరివ్వాలి, అందులో పిల్లవాడికి చదువు వస్తున్నదా లేదా అని అడిగేవారెవరు అనే మూడు ప్రశ్నల మీద పన్నెండేళ్లు తన ఒంటిని అరగదీసుకున్న అమెరికా దేశస్థుడు. టీచర్ ట్రైనింగు చదివిన వాళ్లం గనుక ఆయన పేరు మాకు విద్యా చరిత్ర పుస్తకంలో రెండు మూడు వాక్యాల్లో తగిలింది. పరీక్షకు ఆ మాత్రం చాలింది. ఆ తరువాత ఆయన సంగతులు తెలుసుకుంటూ పోతే, మన తెలుగు మిషను చరిత్రలో వినే ఊళ్లు, కాలేజీలు, మనుషుల పేర్లు ఆయన జీవితంలో కూడా మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. ఆ సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాన్ గారు 1796 మే 4న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ అనే పల్లెటూళ్లో జన్మించారు. తండ్రి థామస్ మాన్ చిన్న రైతు. పొలం పనితోపాటు ఇంట్లో అందరూ గడ్డి పేని జడలు అల్లేవారు, వాటితో టోపీలు తయారయ్యేవి. చిన్న హోరేస్ కూడా వేళ్లు నొప్పి పుట్టేదాకా అల్లేవాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా ఏడాదికి ఎనిమిది పది వారాలకు మించి బడికి పోయింది లేదు. అది ఆ కుటుంబం తప్పు కాదు, ఆ ఊరి బడి తెరిచి ఉండేదే అంత కాలం.

ఆ ఊరికి ఒక భాగ్యం మాత్రం ఉండేది. 1778లో ఊరు ఏర్పడినప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ గారి పేరు పెట్టుకున్నారు. మా ఊరికి మీ పేరు పెట్టుకున్నాం, గుడికి ఒక గంట ఇప్పించండి అని ఊరివారు అడిగితే, ఆయన గంటకు బదులు నూటికి పైగా పుస్తకాలు పంపించారు. అవి చాలావరకు చరిత్ర, వేదాంతం. పిల్లవాడి వయసుకు తగినవి కావు. అయినా మాన్ గారు బడిలో దొరకని చదువును ఆ పుస్తకాల్లోనే వెతుక్కున్నారు.

1809లో తండ్రి చనిపోయారు. మరుసటి ఏడు అన్న స్టీఫెన్ ఒక ఆదివారం ఆరాధనకు పోకుండా ఈతకు వెళ్లి మునిగిపోయాడు. ఊరి పాదిరి నెథనేల్ ఎమ్మన్స్ గారు గొప్ప పండితుడు, కఠినమైన సిద్ధాంతి. అంత్యక్రియల ప్రసంగంలో మారుమనస్సు లేక చనిపోయిన యౌవనుల గతిని గురించి మాట్లాడారు. పక్కన తల్లి ఏడుస్తూ కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ల హోరేస్ మనస్సు ఆ రోజుతో ఆ సిద్ధాంతం నుండి విరిగిపోయింది. పెద్దయ్యాక ఆయన యూనిటేరియన్ సంఘంలో చేరారు. ఆయన విశ్వాసం మన విశ్వాసం కాదు, ఆ మాట దాచనక్కర లేదు. అయితే దుఃఖంలో ఉన్న ఇంట్లో పెద్దలు మాట్లాడే మాట ఒక పిల్లవాడిని ఎటు తిప్పుతుందో ఈ సంగతి చదివినప్పుడల్లా మాకు అనిపిస్తుంది.

ఊరికి వచ్చిన ఒక సంచార ఉపాధ్యాయుడి దగ్గర ఆరు నెలల్లో లాటిను, గ్రీకు నేర్చుకుని, 1816లో ప్రావిడెన్సు నగరంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో నేరుగా రెండవ ఏటి తరగతిలో చేరారు. బ్రౌన్ అంటే 1764లో బాప్టిస్టులు స్థాపించిన కాలేజీ. ఒంగోలు ప్రార్థనా కొండ పేరు వింటే మనకు గుర్తుకు వచ్చే లైమన్ జూవెట్ దొరగారు కూడా తరువాతి కాలంలో ఆ కాలేజీలోనే చదివారు. మాన్ గారు 1819లో తన తరగతిలో మొదటివాడుగా ఉత్తీర్ణులయ్యారు. తరువాత లా చదివి, 1823లో వకీలు అయ్యారు. 1827లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. మతి చెలించినవారిని జైళ్లలో గొలుసులతో కట్టి ఉంచే ఆ రోజుల్లో, వారికోసం వుస్టర్ పట్టణంలో ప్రభుత్వ ఆసుపత్రి కట్టించడానికి పూనుకుని 1833 నాటికి తెరిపించారు. ఈ మధ్యలోనే 1830లో బ్రౌన్ కాలేజీ పూర్వ అధ్యక్షులు, బాప్టిస్టు బోధకులు అయిన ఏసా మెస్సర్ గారి కుమార్తె షార్లెట్‌ను పెళ్లి చేసుకున్నారు. రెండేళ్లు నిండకుండానే 1832 ఆగస్టులో ఆమె చనిపోయింది. చాలా సంవత్సరాలు ఆయన ఆ దుఃఖం నుండి తేరుకోలేదు. పనిలో తలదాచుకున్నారు.

1836లో ఆయన రాష్ట్ర సెనేటుకు అధ్యక్షులయ్యారు. అదే సంవత్సరంలో, బోస్టను నుండి ఓడ ఎక్కి వచ్చిన శామ్యూల్ డే దొరగారు విశాఖపట్నంలో అడుగుపెట్టారు. మన మిషనుకు పునాది పడిన రోజులు, మాన్ గారి అసలు పని మొదలైన రోజులు దాదాపు ఒకటే అన్నమాట. 1837 ఏప్రిల్ 20న మసాచుసెట్స్‌లో రాష్ట్ర విద్యా బోర్డు చట్టం వచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన జేమ్స్ కార్టర్ గారు కార్యదర్శి అవుతారని అందరూ అనుకున్నారు. కాని ఆ పదవి మాన్ గారికి ఇచ్చారు. కార్టర్ గారికి ఇది అన్యాయమేనని మా అభిప్రాయం, అయినా ఆయన బోర్డు సభ్యుడుగా ఉండి సహకరించారు. స్నేహితులు మాన్ గారిని వింతగా చూశారు. గవర్నరు కాగల మనిషి, మంచి వకీలు, ఏడాదికి 1500 డాలర్ల జీతానికి పల్లెటూరి బడుల లెక్కలు రాసుకోవడానికి పోతున్నాడేమిటని వారి ఆశ్చర్యం. ఆయన తన లా ఆఫీసు మూసేసి జూన్ నెలాఖరులో పదవి ఒప్పుకున్నారు.

ఆ రాష్ట్రంలో బడుల పరిపాలన ఎలా ఉండేదో కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే ఆయన పని అర్థం కాదు. అక్కడ టౌన్ అంటే మన పట్టణం కాదు. కొన్ని పల్లెలు, పొలాలు కలిసిన ఒక పంచాయతీ వంటిది. ఆ టౌనును మళ్లీ చిన్న చిన్న బడి డిస్ట్రిక్టులుగా విడగొట్టుకున్నారు. డిస్ట్రిక్టు అనగానే మన జిల్లా అనుకోకూడదు, కొన్ని చోట్ల పాతిక ముప్పై ఇళ్లు కూడా ఒక డిస్ట్రిక్టే. 1789 చట్టం ఈ విభజనకు అనుమతి ఇచ్చింది, 1817 చట్టం వాటికి సొంతంగా ఆస్తి ఉంచుకునే హక్కు ఇచ్చింది. 1827 చట్టం ప్రతి డిస్ట్రిక్టుకూ ప్రుడెన్షియల్ కమిటీ అనే పేరుతో ఒకరిద్దరిని ఎన్నుకుని, పంతులును పెట్టుకునే అధికారం వారి చేతికిచ్చింది. టౌను అంతటికీ ఒక స్కూలు కమిటీ వేరుగా ఉండేది. ఆ కమిటీ పంతులును పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. అయితే ఆ పంతులును పిలుచుకు వచ్చేది మాత్రం డిస్ట్రిక్టువారు. వచ్చిన మనిషి ప్రుడెన్షియల్ కమిటీవారి మేనల్లుడో, తోడల్లుడి కొడుకో అయితే, కాదనడానికి టౌను కమిటీవారికి మొగమాటం అడ్డం వచ్చేది. పైగా బడి తెరిచే రోజు వచ్చేసిన తరువాత పంతులును పంపిస్తే ఇంకొకరు దొరకరు.

డబ్బు సంగతి మరీ విచిత్రం. ఏడాదికొకసారి టౌను సభలో పన్ను ఎంత వెయ్యాలో చేతులెత్తి తీర్మానిస్తారు. దానిని డిస్ట్రిక్టులకు పంచుతారు. పిల్లలు ఎక్కువ ఉన్నచోట, తక్కువ ఉన్నచోట ఒకే విధంగా పంచితే ఒకచోట బడి ఆరు నెలలు నడుస్తుంది, ఇంకొకచోట మూడు నెలలకే తాళం పడుతుంది. బడి కట్టడానికి మాత్రం ఆ డిస్ట్రిక్టువారే విడిగా పన్ను వేసుకోవాలి. స్థలం ఎక్కడ అనే విషయం మీద ఏళ్ల తరబడి తగవులు. చివరికి ఎవరికీ పనికిరాని రాతి నేలలోనో, నాలుగు దారులు కలిసే దుమ్ములోనో ఒక గది లేస్తుంది. చలికాలంలో పెద్ద పిల్లలకు మగ పంతులు, వేసవిలో చిన్న పిల్లలకు ఆడ పంతులమ్మ. జీతం చాలదు గనుక పంతులు వారానికొక ఇంట్లో భోజనం చేస్తూ, పడుకుంటూ తిరగాలి. పెద్ద మగపిల్లలు పంతులును బయటికి గెంటి బడి మూయించడం ఆ రోజుల్లో ఒక వేడుక. ఏటా వందలాది బడులు ఇలా మధ్యలోనే మూతపడేవని మాన్ గారి లెక్కల్లో తేలింది.

ఇంతకీ ఆ బోర్డుకు, దాని కార్యదర్శికి ఉన్న అధికారం ఏమిటి? ఏమీ లేదు. ఒక్క పంతులును తీసేయలేరు, ఒక్క బడికి మేకు కొట్టించలేరు, ఒక్క డాలరు పన్ను వెయ్యలేరు. సమాచారం సేకరించి, ఏటా శాసనసభకు ఒక రిపోర్టు ఇవ్వాలి, అంతే. మన అసోసియేషన్లలో పని చేసినవారికి ఈ పరిస్థితి కొత్త కాదు. ఏ సంఘానికి ఆ సంఘమే యజమాని, అసోసియేషను సలహా చెప్పగలదు గాని ఆజ్ఞ ఇయ్యలేదు. అటువంటి కుర్చీలో కూర్చున్న మనిషి ఏం చెయ్యగలడో మాన్ గారు చేసి చూపించారు, మాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది ఇక్కడే.

మొదట గుర్రం మీద రాష్ట్రమంతా తిరిగారు. ప్రతి కౌంటీలో ఒక సభ పెట్టి ఉపాధ్యాయులను, కమిటీవారిని, పాదిరులను పిలిచారు. కొన్నిచోట్ల జనం నిండారు, కొన్నిచోట్ల ఖాళీ బల్లలు పలకరించాయి. పశ్చిమాన పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1845లో ఉపాధ్యాయుల శిక్షణ తరగతులు పెట్టినప్పటి సంగతి ఒకటి చెప్తారు. మాన్ గారు, రాష్ట్ర గవర్నరు జార్జి బ్రిగ్స్ గారు కలిసి బడికి వచ్చేసరికి గది ఊడ్చి లేదు, చెత్త పేరుకుని ఉంది. ఇద్దరూ చెరొక చీపురు పట్టుకుని, ఉపాధ్యాయులు వచ్చేలోగా గది శుభ్రం చేశారు. ఈ బ్రిగ్స్ గారు మన బాప్టిస్టు. నెల్లూరు మిషనును నడిపించిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ యూనియన్‌కు అధ్యక్షులుగా పని చేసినవారు.

తిరిగి చూసినదంతా రాశారు. 1838లో బడి ఇళ్ల మీదనే ప్రత్యేకంగా ఒక రిపోర్టు ఇచ్చారు. వీపు ఆనుకోవడానికి ఆధారం లేని బల్లలు, నేలకు అందక వేలాడే చిన్న కాళ్లు, పొయ్యి దగ్గర కూర్చున్నవాడు మాడిపోతుంటే కిటికీ పక్కవాడు గడ్డకట్టుకుపోవడం, గాలి ఆడని గదిలో తలనొప్పులు, మరుగుదొడ్డి అసలే లేకపోవడం, అన్నీ రాశారు. తమ గుర్రాలకు, పశువులకు కట్టిన పాకలు బడికంటే బాగున్న ఊళ్లు ఎన్నో ఉన్నాయని రైతులకు తెలియజెప్పారు. కొలతలతో సహా మంచి బడికి నమూనా పటాలు కూడా జతపరిచారు.

తరువాతది లెక్కలు. 1838 చట్టంతో ప్రతి బడిలోనూ రోజువారీ హాజరు పట్టీ తప్పనిసరి అయింది. టౌను కమిటీ ఏటా తమ బడుల స్థితిని వివరంగా రాసి, ఊరి సభలో అందరి ముందూ చదవాలి. ఆ కమిటీవారికి రోజుకు ఒక డాలరు బత్తెం కూడా ఏర్పాటైంది. 1834లో ఏర్పడిన రాష్ట్ర విద్యానిధి నుండి వాటా కావాలంటే టౌను తన వంతుగా పిల్లవాడికి ఇంత అని పన్ను వసూలు చెయ్యాలి, లెక్కలు పంపాలి, లేకపోతే వాటా లేదు. మాన్ గారు ఆ లెక్కలన్నీ పోగుచేసి అచ్చువేయించేవారు. అంతటితో ఆగకుండా, నాలుగేళ్లకు పైబడి పదహారేళ్లలోపు పిల్లలకు తలకు ఎంత ఖర్చు పెడుతున్నారో చూసి, రాష్ట్రంలో ఉన్న మూడు వందల చిల్లర టౌన్లను మొదటి నుండి చివరి దాకా వరుసలో పెట్టారు. ధనవంతుల ఊరు పట్టిక అడుగున, రాళ్లు దున్నుకుని బతికే పేద ఊరు పైన కనిపించేసరికి సభల్లో పెద్దమనుషులకు తల దించుకోవలసి వచ్చింది. ఆజ్ఞ లేకుండానే పన్నులు పెరిగాయి.

మేము హాజరు పట్టీలో ఎర్రసిరాతో గీతలు గీసిన ఆ సంవత్సరాల్లో అదొక వెట్టిచాకిరి అనుకున్నవాళ్లమే ఎక్కువ. రాని పిల్లవాడు కూడా ఆ పుస్తకంలో ఒక గడిలో కూర్చుని ఉంటాడు, ఎవరో ఒకరు వాడిని లెక్కపెట్టవలసి వస్తుంది. ఆ పుస్తకం విలువ అదే.

ఆయన పట్టుకున్న అసలు జబ్బు వేరే. కలిగినవారు తమ పిల్లలను జీతం కట్టే ప్రైవేటు అకాడమీలకు పంపుకునేవారు. తమ పిల్లలు చదవని బడికి పన్ను ఎందుకని టౌను సభలో వ్యతిరేకంగా చెయ్యెత్తేవారు. తెలివైన పిల్లలు, మాట చెల్లే తల్లిదండ్రులు ఇద్దరూ వెళ్లిపోయాక మిగిలిన బడి మరింత చెడిపోయేది. చెడిపోయింది గనుక ఇంకా కొందరు వెళ్లిపోయేవారు. మాన్ గారి లెక్క ప్రకారం పేదవారికి మంచిదైన బడి అంటే ధనవంతుడు కూడా తన పిల్లవాడిని పంపడానికి సిగ్గుపడని బడి. మన పేటల్లో తెలుగు బడి ఒక్కొక్క తరగతిగా ఖాళీ అవుతుంటే చూసినవారికి ఇది వివరించనక్కర లేదు.

1838లో ఎడ్మండ్ డ్వైట్ అనే వర్తకుడు, ప్రభుత్వం అంతే మొత్తం కలిపితే ఉపాధ్యాయ శిక్షణకు పదివేల డాలర్లు ఇస్తానన్నారు. ప్రభుత్వం కలిపింది. 1839 జూలై 3న లెక్సింగ్టన్ గ్రామంలో అమెరికాలోనే మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూలు తెరుచుకుంది. మిషను కాంపౌండుల్లో మన పాతవాళ్లు ట్రైనింగు స్కూలును నార్మల్ స్కూలు అనేవారు గదా, ఆ మాటే ఇది. మొదటి రోజు చేరినవారు ముగ్గురే ముగ్గురు ఆడపిల్లలు. ప్రిన్సిపాలు సైరస్ పియర్స్ గారు పాఠం చెప్పడం, పక్కనే మోడల్ స్కూలు నడపడం, పొయ్యి రాజేయడం అన్నీ తానే చేసి రెండు మూడేళ్లలో ఆరోగ్యం పాడుచేసుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో బార్‌లో, 1840లో బ్రిడ్జ్‌వాటర్‌లో మరి రెండు స్కూళ్లు వచ్చాయి.

ఇంతలో పిడుగు పడింది. 1839 ఎన్నికల్లో మార్కస్ మోర్టన్ గారు ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో గవర్నరు అయ్యారు. కొత్త ప్రభుత్వం ఖర్చు తగ్గించాలన్నది. 1840 మార్చిలో శాసనసభ విద్యా కమిటీ, బోర్డునూ నార్మల్ స్కూళ్లనూ రద్దు చేయమని రిపోర్టు ఇచ్చింది. వారి వాదన తేలికగా తీసిపారేసేది కాదు. ఊరి బడిని ఊరివారే చూసుకుంటున్నారు, రాజధానిలో ఒక బోర్డు కూర్చుంటే నేడు సలహా ఇస్తుంది, రేపు ఆజ్ఞ ఇస్తుంది, ప్రష్యా దేశంలో రాజు చేసినట్టు పిల్లల మనస్సులను ప్రభుత్వమే తయారుచేస్తుంది అన్నారు. సంఘ స్వాతంత్ర్యం కోసం దెబ్బలు తిన్న బాప్టిస్టుల వారసులం మనం, ఆ భయం మనకు అర్థం కాకుండా పోదు. మాన్ గారి రిపోర్టులు చదివినవారు దానికి జవాబు చెప్పారు. ఊరి స్వాతంత్ర్యం పేరుతో జరుగుతున్నది ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల ఇష్టారాజ్యం, అందులో నష్టపోతున్నది సభలో చెయ్యెత్తలేని పిల్లవాడు అని. ఓట్లు లెక్కపెడితే రద్దు కావాలన్నవారు 182, వద్దన్నవారు 245. బోర్డు బతికింది.

తరువాత సంగతులు త్వరగా చెప్తాం. 1842లో, పదిహేను డాలర్లు పోగుచేసుకున్న ప్రతి డిస్ట్రిక్టుకూ ప్రభుత్వం మరో పదిహేను ఇచ్చి పుస్తకాల బీరువా ఏర్పాటు చేసింది. ఫ్రాంక్లిన్ ఊరి పుస్తకాల పిల్లవాడు దాని వెనుక ఉన్నాడని వేరే చెప్పాలా? 1843 మే 1న మేరీ పీబాడీ గారిని పెళ్లి చేసుకుని, పెళ్లి ప్రయాణమంటూ యూరపు వెళ్లి అక్కడ బడులు చూసి వచ్చారు. ప్రష్యాలో బెత్తం లేకుండా పాఠం చెప్పే ఉపాధ్యాయులను చూశానని రాస్తే, బోస్టనులోని 31 మంది హెడ్మాస్టర్లకు కోపం వచ్చి ఆయన మీద ఒక పుస్తకమే అచ్చువేశారు. మరుసటి ఏడు, 1845లో, ఆయన స్నేహితుడు శామ్యూల్ హోవ్ గారి కమిటీ అదే బోస్టను బడుల్లో మొదటిసారి అచ్చు ప్రశ్నలతో రాత పరీక్ష పెట్టింది. ఫలితాలు హెడ్మాస్టర్ల గొప్పలకు సరిపోలేదు. దీని తరువాత వచ్చిన పరీక్షల వరద ఎంత మేలు చేసిందో మేము మాత్రం గట్టిగా చెప్పలేం.

బైబిలు విషయంలో ఆయనకు రెండు వైపులా దెబ్బలు తగిలాయి. 1827 చట్టం ప్రకారం ఏ ఒక్క సంఘ శాఖకో పక్షం వహించే పుస్తకాలు బడికి కొనకూడదు. మాన్ గారు బడిలో బైబిలు చదవాలన్నారు, అయితే దానికి ఉపాధ్యాయుడు తన శాఖ వ్యాఖ్యానం చెప్పకూడదన్నారు. 1838లో ఆదివారపు బడి యూనియన్‌కు చెందిన ఫ్రెడరిక్ పాకార్డ్ గారు, 1846లో మాథ్యూ హేల్ స్మిత్ అనే పాదిరి, ఆయన బడుల్లోంచి దేవుణ్ణి వెళ్లగొడుతున్నాడని పత్రికలకెక్కారు. కాథలిక్కులేమో, వ్యాఖ్యానం లేని ప్రొటెస్టెంటు బైబిలు కూడా ఒక పక్షమే గదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మాన్ గారు దానికి సరైన జవాబు ఇచ్చినట్టు మాకు కనబడదు. అయితే పన్ను కట్టిన ప్రతి ఇంటి పిల్లవాడూ మనస్సు నొచ్చుకోకుండా కూర్చోగల బడి కావాలన్న ఆయన పట్టు, తక్కువ సంఖ్యలో ఉన్నవారికి కొండంత అండ. మనం ఉన్న రాష్ట్రాల్లో మనం తక్కువ సంఖ్యవారమే.

ఆయనలో మాకు నచ్చనిది కూడా చెప్పాలి. బడుల్లోకి స్త్రీలను పెద్ద ఎత్తున తీసుకువచ్చినది ఆయనే, అది మంచిదే. కాని పంతులమ్మ మగవాడి జీతంలో సగానికి కూడా దొరుకుతుందనే సంగతిని కమిటీలకు ఒక లాభంగా చూపించారు. ఆ తేడా నిలిచిపోయింది. ఇంకొకటి, బోస్టనులో నల్లవారి పిల్లలకు వేరు బడులు ఉండేవి. బానిసత్వ వ్యతిరేకి వెండెల్ ఫిలిప్స్ గారు, ఇంత మాట్లాడే కార్యదర్శి దీని మీద ఎందుకు నోరు విప్పడని బహిరంగంగా నిలదీశారు. బోర్డుకు శత్రువులు పెరుగుతారనే జంకే ఆయన నోరు కట్టిందని మేము అనుకుంటున్నాం. వేరు పంక్తి, వేరు బల్ల అంటే ఏమిటో మన తాతలకు తెలుసు గనుక ఈ మౌనం మనకు చిన్నగా కనిపించదు. ఇంట్లో మాత్రం ఆయన వేరుగా ఉన్నారు. లెక్సింగ్టన్ నుండి వెస్ట్ న్యూటనుకు మారిన నార్మల్ స్కూలులో ఒక నల్లజాతి అమ్మాయి చేరితే, ఊళ్లో ఎవరూ ఆమెకు గది ఇవ్వలేదు. మాన్ దంపతులు తమ ఇంట్లోనే ఉంచుకుని చదివించారు.

1848లో ఆయన కార్యదర్శి పని వదిలి అమెరికా కాంగ్రెసుకు వెళ్లారు. పన్నెండేళ్లలో పన్నెండు రిపోర్టులు. ప్రభుత్వ బడులకు ఇచ్చే డబ్బు రెండింతలకు పైగా పెరిగింది. మగ ఉపాధ్యాయుల జీతాలు నూటికి 62, ఆడ ఉపాధ్యాయుల జీతాలు నూటికి 51 చొప్పున పెరిగాయి. సుమారు 50 కొత్త హైస్కూళ్లు వచ్చాయి. బడి నడిచే కాలం సగటున ఒక నెల పెరిగింది. ఆయన స్థానంలోకి వచ్చినది ఎవరనుకుంటున్నారు? బార్నస్ సియర్స్ గారు. జూవెట్ దొరగారు చదివిన న్యూటన్ బాప్టిస్టు వేదాంత కళాశాలకు అధ్యక్షులు, 1834లో జర్మనీలో ఎల్బ్ నదిలో ఆంకెన్ గారికి బాప్తిస్మం ఇచ్చినది కూడా ఆయనే. మాన్ గారిని దేవుని విరోధి అన్నవారి నోళ్లు ఒక బాప్టిస్టు గురువు ఆ కుర్చీలో కూర్చుని అదే పని కొనసాగించడంతో చాలావరకు మూతపడ్డాయి.

కాంగ్రెసులో మాన్ గారు బానిసత్వం మీద ఇక నోరు కట్టుకోలేదు. 1848లో పెర్ల్ అనే ఓడలో బానిసలను తప్పించబోయి పట్టుబడిన డ్రేటన్, సేయర్స్ అనేవారి తరపున కోర్టులో వాదించారు. 1850లో బలవంతుడైన డేనియల్ వెబ్‌స్టర్ గారితో తలపడ్డారు. 1852లో గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయారు. 1853లో ఒహాయో రాష్ట్రంలో యెల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో కొత్తగా పెట్టిన ఆంటియోక్ కాలేజీకి అధ్యక్షులుగా వెళ్లారు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే చదువు చదివే చోటు అది. నల్లజాతివారిని కూడా చేర్చుకున్నారు. కాని లెక్కలు లేని పరిపాలన, అప్పులు ఆ కాలేజీని తినేశాయి. ఊరూరి బడుల జమాఖర్చులు సరిదిద్దిన మనిషి చివరికి తన కాలేజీ వేలానికి రావడం కళ్లారా చూశారు. 1859 వేసవిలో పట్టా తీసుకుంటున్న విద్యార్థులకు చివరి ప్రసంగం చేసి, కొన్ని వారాలకే ఆగస్టు 2న జ్వరంతో కన్నుమూశారు. ప్రావిడెన్సులో షార్లెట్ సమాధి పక్కన ఆయనను ఉంచారు.

ఆయన అన్నిటికంటే చెడ్డదిగా ఎంచిన 1789 నాటి డిస్ట్రిక్టు ఏర్పాటు మాత్రం ఆయన బతికి ఉండగా పోలేదు. సియర్స్ గారు దానికోసం గట్టిగా పని చేశారు. చట్టసభ 1859లో ఆ డిస్ట్రిక్టులను ఎత్తివేసింది, అదే ఏడు ఊళ్ల ఒత్తిడికి లొంగి మళ్లీ తెచ్చింది. 1869లో మళ్లీ ఎత్తివేసి, 1870లో కావలసినవారు తెచ్చుకోవచ్చన్నది. చివరికి 1882లో పూర్తిగా రద్దయ్యాయి. ఆ లాగులాటలో, అదే 1869లో, ఆ రాష్ట్రం ఇంకొక చిన్న చట్టం కూడా చేసింది. మూతపడిన చిన్న బడి పిల్లలను దూరంగా ఉన్న పెద్ద బడికి చేర్చడానికి టౌను డబ్బు ఖర్చు పెట్టవచ్చునని అందులో ఉంది. ఆ దేశంలో అటువంటి చట్టం అదే మొదటిది. దాని ప్రకారం రైతులు తమ గుర్రపు బండ్లను టౌనుకు కిరాయికి ఇచ్చి, ఉదయం సాయంత్రం పిల్లలను బడికి తోలుకుపోయి తెచ్చేవారు.